నూట పద్దెనిమిది తలల సాక్ష్యం

రావులమెరకలో త్రిమూర్తులు ముందు తల వంచని మగవాడు లేడని చెప్పుకునేవారు. ఆ మాటలో కొంత అబద్ధం ఉంది, ఆ సంగతి తర్వాత. అతని చేతి గురించి చెప్పుకున్నది మాత్రం అంతా నిజం. వాళ్ల నాన్న పని నేర్పేటప్పుడు ఒకటే పరీక్ష పెట్టేవాడు. కునుకు తీస్తున్న మనిషికి గడ్డం గీయాలి, మనిషికి మెలకువ రాకూడదు. త్రిమూర్తులు పద్నాలుగో ఏట ఆ పరీక్ష నెగ్గాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో అతని కత్తికింద ఒక్క చెంపమీదా ఎర్రచుక్క పొడవలేదు. పెళ్లికొడుకుని చెయ్యాలంటే అమలాపురం నుంచి కూడా కబురు వచ్చేది.

వైనతేయ ఏటిగట్టు దిగువన, రాజోలు బస్సు ఆగేచోట అతని షాపు. కొబ్బరాకుల పాక, ఒక చెక్క కుర్చీ, గోడకి పెద్ద అద్దం, వెనకభాగం చూపించడానికి చేతి అద్దం. అంతే. ఊళ్లో ఎవరికి సంబంధం కుదిరిందో, ఎవరి ఆవు ఈనిందో, అన్నీ ముందు ఆ కుర్చీలోనే తెలిసేవి.

ఊరికి ఎగువన సోడా ఫ్యాక్టరీ పెట్టి అప్పటికి ఆరేళ్లయింది. సబ్బులకీ కాగితానికీ కావలసిన కాస్టిక్ సోడా అక్కడ తయారయ్యేది. పెట్టినప్పుడు ఊరంతా సంబరపడింది. చదువుకున్న కుర్రాళ్లు కొందరికి ఉద్యోగాలొచ్చాయి, ఊరికి తారురోడ్డు వచ్చింది. ఫ్యాక్టరీ వదిలే నీళ్లు మురుగు కాలువలో కలిసి, పల్లిపాలెం పక్కనుంచి వెళ్లి ఏట్లో పడేవి. ఆ కాలువ నిండా జెల్లలూ కొర్రమీనులూ. వేటకి పోలేని రోజుల్లో పల్లిపాలెం జాలర్లకీ, కూలి దొరకని రోజుల్లో పేటలోని క్రైస్తవులకీ ఆ చేపే కూర. త్రిమూర్తులు ఇంట్లో అయితే రోజూ అదే. పల్లిపాలెం వాళ్లు క్షవరానికి బదులు చేపే తెచ్చి ఇచ్చేవారు.

డెబ్భై ఎనిమిది వేసవిలో ఒక ఉదయం పల్లిపాలెం పెద్ద ముసలయ్య గడ్డం గీయించుకోడానికి వచ్చాడు. త్రిమూర్తులు అతని చెంపలకీ మూతిచుట్టూ నీళ్లు రాసి కత్తి తీశాడు.

“నీళ్లు రాయవేట్రా తమ్ముడూ” అన్నాడు ముసలయ్య.

“రాసేనన్నా. కారుతున్నాయి చూడు.”

ముసలయ్య వేళ్లతో మూతి తడుముకుని, తడి చూసుకున్నాడు. “తెలీలేదురా. ఈమధ్య మూతిచుట్టూ ఒకటే తిమ్మిరి. చుట్ట నోట్లో ఉందో జారిపోయిందో చూసుకుంటే గాని తెలవట్లేదు.”

పని అయ్యాక త్రిమూర్తులు అలవాటు ప్రకారం చేతి అద్దం కుడిపక్కన పట్టాడు. ముసలయ్య తిన్నగా చూస్తూ కూర్చున్నాడు. అద్దం దాదాపు ముక్కు ముందుకి వచ్చేదాకా అతనికి కనబడలేదు. ఏటి మధ్యన దూకిన చేపని గట్టుమీంచి చూసి పేరు చెప్పే మనిషి ముసలయ్య.

త్రిమూర్తులు ఆ రోజునుంచి గమనించడం మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడినీ నీళ్లు తెలిశాయా అని మాటల్లో పెట్టి అడిగేవాడు. అద్దం పక్కనుంచి నెమ్మదిగా తెచ్చి ఎక్కడ కనబడుతోందో చూసేవాడు. వానలు పడేనాటికి అలాంటివాళ్లు పదకొండుమంది తేలారు. ఒకడికి చొక్కా బొత్తాలు పెట్టుకోవడం రావడం లేదు, ఇంకొకడు మాట్లాడుతుంటే కల్లు తాగినట్టు మాట ముద్దగా వస్తోంది. రైతుల్లో మాత్రం ఒక్కరూ లేరు. వాళ్లు కాలువ చేప ముట్టరు.

పన్నెండోవాడు తానేనని త్రిమూర్తులుకి శ్రావణమాసంలో తెలిసింది. మునసబుగారికి గడ్డం గీస్తుంటే చెయ్యి దానంతటదే అదిరింది. చెంపమీద రక్తం సన్నటి గీతలా దిగింది. మునసబుగారు కోప్పడలేదు. తువ్వాలు అద్దుకుని, “పరవాలేదులేవోయ్” అని లేచి వెళ్లారు. ఆ వారం ఆయన అమలాపురంలో గీయించుకుని వచ్చారు. త్రిమూర్తులు కత్తిని తుడిచి, నూనె రాసి, గుడ్డ చుట్టి పనిముట్ల పొదిలో అడుక్కి పెట్టేశాడు.

భార్య లోవమ్మ అది చూసింది. ఆవిడ మంత్రసాని. పల్లిపాలెంలో పదిహేనేళ్లుగా పుట్టిన పిల్లలంతా ఆవిడ చేతుల్లోకి వచ్చినవాళ్లే. “ముసలయ్య మనవరాలికి ఏడాది నిండిందయ్యా, ఇంకా మెడ నిలవలేదు. ఇది నీ ఒక్కడి జబ్బు కాదు. ఆసుపత్రికి పోదాం పద” అంది.

సమితి ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు సలోమి పరాయి మనిషి కాదు. రావులమెరక పేటలో రిటైరైన బడిపంతులు నతానియేలు మేష్టారి కూతురు. తాత పాలేరుతనం చేసిన పొలాల గట్టుమీదుగా నడిచి చదువుకుని, విశాఖపట్నంలో డాక్టరై తిరిగొచ్చింది.

“మీకేం ఇబ్బందో చెప్పండి త్రిమూర్తులుగారూ” అంది.

నలభై నాలుగేళ్లలో అతన్ని గారు అని పిలిచినవాళ్లు లేరు. అతను తన చేతి సంగతి చెప్పలేదు. పదకొండుమంది పేర్లు చెప్పాడు. ఎవరికి మూతిమీద నీళ్లు తెలియలేదో, ఎవరికి అద్దం ఎక్కడిదాకా వస్తే కనబడిందో, ఎవరు వారానికి ఎన్నిసార్లు కాలువ చేప తింటారో వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. అంతా విన్నాక, “ఇది నేను చెయ్యాల్సిన పరీక్షండీ. నాకంటే ముందు మీరు చేసేరు. ఇప్పుడు మీ చెయ్యి చాపండి” అంది.

చాపిన చెయ్యి కొబ్బరాకు కొసలా వణికింది.

ఫ్యాక్టరీలో ఏం వాడతారని ఆవిడ అడిగింది. దానికీ అతని దగ్గర జవాబు ఉంది. అక్కడ సోడా తీసే హాల్లో పనిచేసే పాపారావు నెలకోసారి కటింగుకి వస్తాడు. “నేల కడిగితే పాదరసం పూసలు పూసలుగా దొర్లి తూములోకి పోతుందని చెప్పేడండి. ఒకసారి సీసాలో పోసి తెచ్చి చూపించేడు కూడాను. అతని చిగుళ్లు ఎప్పుడూ రక్తం కారతానే ఉంటాయండి.”

సలోమి కలం పక్కన పెట్టింది. “అదేనేమో అనుకుంటున్నానండీ. పాదరసం నీళ్లలో చేపకి ఎక్కుతుంది, చేపలోంచి మనకి. కాని అనుకుంటే చాలదు, రుజువు కావాలి. వెంట్రుక నెలకి అరంగుళం పెరుగుతుంది కదా. ఆ నెల ఒంట్లోకి పాదరసం పోతే అందులో ఉండిపోతుంది. పరీక్ష చేసే యంత్రం మా ప్రొఫెసరుగారి దగ్గరుంది. తల వెనకాల, మొదలంటా, చిటికెడు జుట్టు కావాలి. కనీసం వందమందిది.”

“అయితే నేను ముప్పై ఏళ్లుగా ఊడ్చి గట్టవతల పారబోస్తున్నది అదాండీ” అన్నాడు త్రిమూర్తులు. ఆ మధ్య కాలంలో అతని మొహంలో వెలుగు కనబడింది అప్పుడే.

“పల్లిపాలెం, ఊరు మీరు చూడండి” అంది సలోమి. “పేటలోవి నేను కత్తిరిస్తాను. మిమ్మల్ని అడగను. మా నాన్నగారు ఇప్పటికీ అద్దం ముందు కూచుని తన జుట్టు తనే కత్తిరించుకుంటారు. అలవాటైపోయింది.”

ఆవిడ గొంతులో కోపం లేదు. త్రిమూర్తులు మేష్టారినే తలుచుకుంటూ ఇంటికి నడిచాడు. రావులమెరకలో తల వంచని మగవాడు లేడన్న మాటలో అబద్ధం ఇదే. పేటవాళ్లు ఏనాడూ ఆ కుర్చీ ఎక్కలేదు. తన చిన్నప్పుడు నతానియేలు మేష్టారు మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని షాపు ముందుకి వచ్చి నిలబడేవారు. “కత్తి సానకిచ్చేనండి” అనేవాడు నాన్న. నాలుగుసార్లు వచ్చి, ఐదోసారి ఆయన రాలేదు. పెద్దయ్యాక త్రిమూర్తులు కూడా వేరేవాళ్లతో ఆ మాటే చెప్పాడు. చెప్పినప్పుడల్లా కళ్లు దించుకునేవాడు, అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

ఆదివారం ప్రార్థన ముగిసి జనం చర్చి బయటికి వచ్చే వేళకి అతను పొది చంకన పెట్టుకుని నతానియేలు మేష్టారి అరుగు ముందు నిలబడ్డాడు. ఇళ్లకి పోయేవాళ్లంతా ఆగిపోయారు.

“మేష్టారూ, జుట్టు కావాలండి.”

“మా అమ్మాయి తీస్తానంది కదయ్యా.”

“ఆవిడ డాక్టరుగారండి. కత్తెర పని నాది” అని పొది కింద పెట్టి, “చెయ్యి వణుకుతుందండి నాకు. ముందే మనవి చేసుకుంటున్నాను. కత్తి పట్టను, కత్తెరే” అన్నాడు.

“డెబ్భై ఒకటో ఏడు నాకు. ఇన్నాళ్లు ఆగినవాణ్ణి, నీ చెయ్యి కుదురుకునేదాకా ఓ గంట ఆగలేనా. కానియ్యి.”

త్రిమూర్తులు తెల్లటి గుడ్డ ఆయన భుజాలచుట్టూ కప్పాడు. డాక్టరమ్మ అడిగిన చిటికెడు జుట్టు తీసి, మొదలువైపు దారం కట్టి కవరులో పెట్టాడు. అక్కడితో ఆగొచ్చు, కాని ఆగలేదు. పెళ్లికొడుక్కి చేసినంత శ్రద్ధగా పూర్తి కటింగు చేశాడు. చెయ్యి అదిరినప్పుడల్లా కత్తెర పైకెత్తి, మణికట్టు రెండో చేత్తో పట్టుకుని, కుదురుకున్నాక మళ్లీ దించాడు. నిజంగానే గంట పట్టింది. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరూ కదల్లేదు.

“మా నాన్న కత్తి సానకిచ్చేనని చెప్పేవాడండి” అన్నాడు మెడ వెనకనుంచి. “నేనూ చెప్పేనండి. తప్పేనండి.”

“ఎరుగుదును. అంతకాలం సాన పట్టిన కత్తి ఈ తాలూకాలోనే ఉండదనుకునేవాణ్ణి” అన్నారు మేష్టారు.

ముందు ఎవరో ముసలావిడ కిసుక్కుమంది, ఆ తర్వాత అందరూ నవ్వారు. త్రిమూర్తులుకి కళ్లు మసకబారాయి. అది జబ్బువల్ల కాదు. మేష్టారు అద్దంలో అటూ ఇటూ చూసుకుని లేచి, గుడ్డ తనే దులిపి, “వరసలో రండర్రా” అన్నారు. ఆ ఒక్కరోజే పేటలో ముప్పై ఒక్క తల అయింది.

ఊళ్లో గొణిగినవాళ్లు గొణిగారు. కులపెద్దలు ఇంటికి వచ్చి మందలించబోతే లోవమ్మే ఎదురొచ్చింది. “మా ఆయన కత్తి పక్కన పెట్టేసేడు కదండీ. కత్తెరకి కులం ఉందని మీ తాతలు ఎక్కడన్నా చెప్పేరా” అంది. వాళ్లు మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

ఆడవాళ్ల జుట్టు తెచ్చింది ఆవిడే. వెంట్రుక ఇస్తే చేతబడి చేస్తారని పల్లిపాలెంలో భయపడ్డారు. “మీ కడుపుల్లోంచి బిడ్డల్ని తీసినదాన్ని. మీకు చెరుపు చెయ్యాలంటే నాకు వెంట్రుకే కావాలా” అని అడిగింది. ముందుగా ముసలయ్య మనవరాలి జుట్టు, ఆ తర్వాత తల్లిది తీసింది. ఇంటికొచ్చి మొగుణ్ణి కూచోబెట్టి అతనిదీ తీసింది. కవర్లమీద పేరు, వయసు, వారానికి ఎన్ని పూటలు ఏ చేప తింటారో, అన్నీ త్రిమూర్తులే రాశాడు. పోలికకోసం కాలువ చేప ముట్టనివాళ్లవి ఇరవై. అంతా కలిపి నూట పద్దెనిమిది. ప్రతి కవరులోనూ సగం పరీక్షకి వెళ్లింది, మిగతా సగం సలోమి బీరువాలో తాళం వేసి పెట్టింది.

సంగతి ఫ్యాక్టరీకి తెలిసి మేనేజరు జీపులో షాపుకి వచ్చాడు. క్వార్టర్సులో సెలూను పెట్టిస్తాం, తిరిగే కుర్చీలు తెప్పిస్తాం, ఆలోచించుకో అన్నాడు.

“అలాగేనండి” అన్నాడు త్రిమూర్తులు. “ఎగువన ఉండేవాళ్ల తలలు ఇంకో రెండుంటే బావుంటుందన్నారు డాక్టరమ్మగారు. తమరిది చిటికెడు ఇప్పిస్తారా?”

మేనేజరు జీపెక్కేశాడు.

దానికంటే కష్టమైన సంగతి వేరే ఉంది. అమలాపురం మార్కెట్లో రావులమెరక చేప అంటే కొనేవాళ్లు తగ్గిపోయారు. పల్లిపాలెంలో కుర్రాళ్లు మండిపడి త్రిమూర్తులు షాపుకి రావడం మానేశారు. ఒక సాయంత్రం ముసలయ్య చేతికర్ర ఊతగా వాళ్లందరినీ వెంటపెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. “ఈడు మన చేపని తిట్టలేదురా. మనకొచ్చిన రోగమే చేపకీ వచ్చిందన్నాడు. కాలువ బాగైతే చేపా బాగవుద్ది. ముందు నా గడ్డం సంగతి చూడు తమ్ముడూ, కత్తెరతోనే కానీ” అన్నాడు.

పరీక్ష ఫలితాలు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. సలోమి వాటితో కలెక్టరుకి అర్జీ పెట్టింది. ఎనభైలో, మామిడికాయలు దిగే రోజుల్లో, అమలాపురం ఆర్డీవో కచేరీలో విచారణ. రావులమెరక నుంచి రెండు బస్సుల జనం వెళ్లారు. ఫ్యాక్టరీ తరపున శ్రీరామచంద్రమూర్తి అనే వకీలు వచ్చాడు. పేరున్న మనిషి, మాటలో ఎక్కడా తొట్రుపాటు లేదు. డాక్టరు చెప్పిన లెక్కల జోలికి ఆయన పోలేదు. త్రిమూర్తుల్ని పిలిచాడు.

“ఏం చదివేవయ్యా?”

“ఐదో క్లాసండి.”

“కవర్లమీద పేర్లు రాసింది ఎవరు?”

“నేనేనండి. వణుకుడు రాత, మన్నించాలి.”

“షాపు నేలమీద అందరి జుట్టూ కలిసి పడుంటుంది. ఏది ఎవరిదో ఎవరికి తెలుసు? నువ్వు రాసిన పేరే కదా రుజువు? నూట పద్దెనిమిది తలల్లో ఇది ఫలానావాడిదని చెప్పగలిగేవాడు ఎవడన్నా ఉన్నాడా?”

“ఆయ్. నేనున్నానండి.”

ఆర్డీవోగారు కళ్లజోడు సవరించుకుని, డాక్టరు వెంట తెచ్చిన మిగతా సగాలు బల్లమీద పెట్టమన్నారు. వకీలు తనే కట్టలోంచి మూడు కవర్లు ఏరి, పేర్లు కనబడకుండా బోర్లించి, జుట్టు మాత్రం తెల్లకాగితంమీద పెట్టించాడు.

త్రిమూర్తులు వేళ్లకి అప్పటికి స్పర్శ సరిగా లేదు. అందుకని చేతులు వెనక్కి కట్టుకుని వంగి కళ్లతోనే చూశాడు.

“ఇది ముసలయ్యన్నదండి. ఉప్పునీళ్లకీ ఎండకీ చివర్లు రాగిరంగు తిరిగేయి. పల్లిపాలెంలో ఇంత మొరటు జుట్టు ఇంకొకరికి లేదు.”

ఆర్డీవోగారు కవరు తిప్పి చూశారు. తల ఊపారు.

“ఇది నతానియేలు మేష్టారిదండి. పట్టులాగుంటుంది. ఊరంతా కొబ్బరినూనె రాస్తే ఆయనొక్కరే ఆముదం రాస్తారు. తమరు వాసన చూడొచ్చు.”

ఆర్డీవోగారు నిజంగానే వాసన చూసి కవరు తిప్పారు. జనంలో గుసగుస లేచింది.

మూడోదాని దగ్గర త్రిమూర్తులు ఇంకా కిందికి వంగాడు. “ఇది నేను కోసింది కాదండి. కోత ఎగుడుదిగుడుగా ఉంది.”

వకీలు వెంటనే ఆర్డీవో వైపు తిరిగాడు. “చిత్తగించండి. ఎవరెవరో కోసినవి కలిపేసేరు.”

“ఎవరెవరో కాదండి. మా ఆవిడ కోసింది. తల నాది.”

కవరుమీద అతని పేరే ఉంది. నవ్వబోయిన జనం సలోమి మొహం చూసి ఆగిపోయారు. అంకె ఎంతో చదవమన్నారు ఆర్డీవోగారు. ఆవిడ లేచి చదివింది. మామూలు మనిషి జుట్టులో ఉండేదానికి ముప్పై రెట్లు పైన. నూట పద్దెనిమిదిలో అదే అన్నిటికంటే ఎక్కువ. విచారణ అయ్యాక నెమ్మదిగా చెబుదామని ఆవిడ అన్నాళ్లూ దాచింది.

త్రిమూర్తులు ఒక్క క్షణం బల్ల అంచు పట్టుకున్నాడు. తర్వాత చెయ్యి తీసేసి తిన్నగా నిలబడ్డాడు.

“అందరి దగ్గరా చేప పుచ్చుకున్నాను కదండీ, నాకే ఎక్కువ వచ్చింది. న్యాయమే. నాలో ఉన్నది అబద్ధమని ఈ బాబుగారు అనలేరు కదా. మరి నా కుర్చీలో కూచున్నవాళ్లది మాత్రం ఎందుకు నమ్మకూడదండి?”

వకీలు కాగితాలు సర్దుకుంటూ, “నేనింకేమీ అడగను” అన్నాడు. ఆ తర్వాత మధ్యాహ్నందాకా లెక్కలమీద వాదన జరిగిందనే గాని, అసలు సంగతి అక్కడే తేలిపోయింది.

తిరుగు బస్సులో లోవమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కొత్తపల్లి మలుపు దాటాక, “నా కోత ఎగుడుదిగుడని అంతమందిలో చెప్పేవు” అంది. కళ్లు తుడుచుకోవడం అతనికి కనబడకూడదని ఆ మాట అందని అతనికి తెలుసు. ఆవిడ చేతిమీద చెయ్యి వేశాడు. వణికే చెయ్యే.

మురుగునీళ్లు కాలువలోకి వదలకూడదని ఆర్డరు వచ్చింది. కంపెనీ హైకోర్టుకి పోయి స్టే తెచ్చుకుంది. ఇంకో ఏడాది గడిచింది. ఆఖరికి స్టే ఎత్తేశాక తూము మూసి, లోపలే సిమెంటు చెరువు కట్టారు. ఎనభై మూడులో కాలువ అడుగున పేరుకున్న బురద తవ్వి లారీల్లో తీసుకుపోయారు. పల్లిపాలేనికి కొత్త వలలు వచ్చాయి. కుర్రాళ్లు అంతర్వేది వైపు సముద్రపు వేటకి మళ్లారు. పాపారావుని పాదరసం లేనిచోటికి మార్చారు. చేప మానేశాక చాలామందికి తిమ్మిరి తగ్గింది. ముసలయ్య చేతికర్ర మాత్రం వదల్లేదు. అతని మనవరాలు నాలుగో ఏట గుమ్మం పట్టుకుని నిలబడింది. మాట స్పష్టంగా రాలేదు గాని లోవమ్మని చూస్తే చేతులు చాచి నవ్వేది.

త్రిమూర్తులు చెయ్యి కత్తెరకి లొంగింది. కత్తికి లొంగలేదు. పాతవాళ్లలో కొందరు అమలాపురంలోనే గీయించుకోవడం అలవాటు చేసుకున్నారు. కుర్చీ మాత్రం ఖాళీగా లేదు. పేటవాళ్లూ పల్లిపాలెంవాళ్లూ ఊరివాళ్లూ వచ్చినవాళ్లు వచ్చిన వరసలో కూర్చునేవారు. వరస తప్పితే త్రిమూర్తులే ఒప్పుకునేవాడు కాదు.

ఎనభై నాలుగు శీతాకాలంలో ఒక ఉదయం నతానియేలు మేష్టారు ఇంగ్లీషు పత్రిక ఒకటి పట్టుకుని షాపుకి వచ్చారు. దేశంలోని డాక్టర్లంతా చదివే పత్రిక అది. రావులమెరక జబ్బుమీద సలోమి రాసిన వ్యాసం అందులో పడింది. షాపులో ఐదారుగురు ఉన్నారు. మేష్టారు కళ్లజోడు పెట్టుకుని నిలబడే చదివారు. రాసింది డాక్టరు సలోమి. కింద ఇంకో వాక్యం ఉంది. ఆయన దాన్ని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివారు. రోగ లక్షణాలు మొదట గుర్తించినవారు, నమూనాలు సేకరించినవారు, రావులమెరక క్షురకులు త్రిమూర్తులుగారు, మంత్రసాని లోవమ్మగారు.

కుర్చీలో సగం కటింగుతో ఉన్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు. త్రిమూర్తులు కత్తెర బల్లమీద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, గుమ్మంలోకి వెళ్లి, షాపు వెనకున్న ఇంటివైపు తిరిగి లోవమ్మని కేకేశాడు. ఆవిడ చీపురు చేత్తోనే వచ్చింది.

“మళ్లీ చదవండి మేష్టారూ” అన్నాడు. “ఈసారి నెమ్మదిగా.”